గాలి ఆగాక తీసుకునే నిర్ణయం

ఒక్క అరగంట కుర్చీ మారండి. మీరిప్పుడు కాకినాడలో ఒక రొయ్యల కంపెనీకి ఎండీ. కంపెనీ కల్పితం, తుపాను మాత్రం నిజం. మీ పీలింగ్ షెడ్డులో మూడొందల మంది ఆడవాళ్లు పనిచేస్తారు. చెరువుల నుంచి వచ్చిన వనామీ రొయ్యను ఒలిచి, కడిగి, గడ్డకట్టించి, కంటైనర్లలో విశాఖ పోర్టుకు పంపుతారు. అక్కణ్నుంచి అది అమెరికా వెళ్తుంది. రెండో కోల్డ్ స్టోరేజీ కట్టడానికి బ్యాంకు 9 కోట్ల అప్పు మంజూరు చేసింది. ఫైలు మీ టేబుల్ మీదే ఉంది. మీ సంతకం ఒక్కటే బాకీ.

పోర్టులో చిన్న పని ఉంటే అది చూసుకొచ్చి పెడదామనుకున్నారు. వెళ్లారు.

ఆదివారం, 12 అక్టోబరు 2014, విశాఖపట్నం

ఉదయం ఏడు. బీచ్ రోడ్డుకు రెండు వీధుల లోపల, లాడ్జి మూడో అంతస్తు. కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించి చూడండి. వణుకుతోంది. నిన్ననే బయల్దేరి వచ్చేయమని ఇంట్లో పోరారు. "తుపాన్లు మనకు కొత్తా" అన్నారు మీరు. హుద్‌హుద్ పేరు నాలుగు రోజులుగా టీవీలో వింటూనే ఉన్నారు. తీరంలో లక్ష మందికి పైగా జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. లాడ్జిలో దిగినవాళ్లను మాత్రం ఎవరూ ఖాళీ చేయించలేదు.

కరెంటు లేదు. పదింటికి ఫోన్లో గీతలు ఒక్కొక్కటే తగ్గి, ఏమీ మిగల్లేదు. ఇంటికి పెట్టిన ఆఖరి మెసేజ్ వెళ్లిందో లేదో తెలియదు. దాదాపు ఇదే సమయానికి కైలాసగిరి మీద, తుపానును గమనిస్తూ ఉండాల్సిన డాప్లర్ రాడారే దెబ్బతింటుంది. ఆ కబురు మీకు తర్వాతెప్పుడో అందుతుంది. ప్రస్తుతానికి మీ కళ్ల ముందున్నది ఎదురు మేడ మీది నల్ల నీళ్ల ట్యాంకు. చూస్తూ ఉండండి. కదిలింది. ఒరిగింది. ఇప్పుడక్కడ ట్యాంకు లేదు.

పరుపు లాగి కిటికీకి అడ్డం పెట్టండి. భుజంతో నొక్కిపట్టండి. అవతలి నుంచి గాలి తోస్తోంది. గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉందని తర్వాత పేపర్లో చదువుతారు. ఇప్పుడది మీ భుజానికి మాత్రమే తెలుసు. అద్దం పగిలింది. పరుపు తడిసి బరువెక్కింది. వదిలేయండి. బాత్రూమ్. తలుపు. గడియ. కూర్చోండి.

మోకాళ్లు దగ్గరికి లాక్కుని ఎంతసేపు కూర్చున్నారో లెక్క లేదు. మధ్యాహ్నం దాటాక, ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది. ఎక్కడో పైపులోంచి నీళ్లు కారడం కూడా వినిపిస్తోంది.

మెట్లు దిగి కిందికి వస్తారు. జనం వీధిలో ఉన్నారు. ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. మీ డ్రైవరు సెల్లారులోంచి కారు బయటికి తెచ్చాడు. "అయిపోయిందండి. ఇప్పుడు బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటామండి" అంటాడు.

ఉందామా? పోదామా? ఆకాశం తెరిపి ఇచ్చింది. ఇంటికి పోవాలని ఒళ్లంతా లాగుతోంది. పోదామనే అంటారు. ఎవరైనా అదే అంటారు. కారెక్కి తలుపు వేసుకుంటారు.

ఎవరో బానెట్ మీద దబదబా బాదుతున్నారు. లాడ్జి వాచ్‌మన్. ముసలాయన. ఒకప్పుడు వేటకు వెళ్లిన మనిషి. "దిగండి బాబూ, దిగండి! సగమే అయ్యింది. ఎనక గాలి రావాల!"

తుపాను గుండ్రంగా తిరుగుతుంది. నడిమధ్య దాని కన్ను. అందులో గాలి ఉండదు. ఆ కన్ను మీ నెత్తి మీదుగా పోతున్నంతసేపే ఈ తెరిపి. అది దాటగానే అవతలి అంచు వస్తుంది, ఇందాకటి గాలికి ఎదురు దిక్కు నుంచి. ఉత్తరపు గాలికి ఊగి వేళ్లు వదులైన చెట్లను దక్షిణపు గాలి వచ్చి తోస్తుంది. ఇదంతా ఆయన చెప్పడు. బానెట్ బాదుతాడంతే.

దిగుతారు. డ్రైవరూ దిగాడు. గుమ్మం పాతిక అడుగుల దూరంలో ఉంది. పది అడుగులు వేశారు. చెవులు గళ్లుపడ్డాయి. రేకు ఒకటి వీధికి అడ్డంగా దొర్లింది. ఫొటోలు తీసేవాళ్లు పరిగెడుతున్నారు. పరిగెత్తండి. ఎవరో జారిపడ్డారు. చెయ్యి అందుకోండి. లాగండి. గడప. లోపల. వెనక పెద్ద చప్పుడు. చూడకండి.

చూశారు. కారు కనబడటం లేదు. అక్కడ వేపచెట్టు పడి ఉంది.

సోమవారం, 13 అక్టోబరు

పొద్దున్నే ఎండ. నగరంలో ఎక్కడా నీడ లేదు. చెట్లు నేల మీద ఉన్నాయి. నిలబడ్డవాటికి ఆకు లేదు. విమానాశ్రయం పైకప్పు ఊడిపోయిందని జనం చెప్పుకుంటున్నారు. ఏటీఎంలు పనిచెయ్యడం లేదు. కార్డు గీసే యంత్రాలకు లైను లేదు. పెట్రోలు బంకు దగ్గర క్యూ మలుపు తిరిగి పక్క వీధిలోకి పోయింది. పాల ప్యాకెట్టు ధర రెట్టింపు దాటింది.

జేబు తడుముకోండి. 1,200 రూపాయలు. మీ కంపెనీ ఏటా కోట్లు తిప్పుతుంది. ఈ వీధిలో మాత్రం మీ దగ్గరున్నది అంతే. డ్రైవరు ఆకలిగా ఉన్నాడు. అతనికి పెట్టాలి, కాకినాడకు బండి మాట్లాడుకోవాలి. నోట్లు లెక్కపెడతారు. మళ్లీ లెక్కపెడతారు. లెక్కపెడుతున్న వేళ్ల చివర్లకు ఒక పాఠం అంటుకుంటుంది: చేతిలో డబ్బుండాలి.

దాన్ని మీరు కావాలని నేర్చుకోలేదు. కానీ మీతోపాటు కాకినాడ వచ్చేస్తుంది.

ఎలాగోలా ఒక వ్యానులో చోటు దొరుకుతుంది. గాజువాక, అనకాపల్లి. కరెంటు స్తంభాలు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. చెరకు తోటలు నేలకు అంటుకుపోయాయి. వ్యాను పొలాల్లోకి దిగి మళ్లీ రోడ్డెక్కుతోంది. తుని దాటాక తల తిప్పి చూడండి. చెట్లు నిలబడి ఉన్నాయి. టీ కొట్లు తెరిచి ఉన్నాయి. అన్నవరం కొండ కింద పెళ్లి బస్సు ఆగి ఉంది. నిన్నటి మధ్యాహ్నం ఇక్కడ జరగనే లేదు.

ప్లాంటుకు చేరతారు. సూపర్‌వైజరు ఎదురొస్తాడు. పోయినవి నాలుగు ఆస్బెస్టాస్ రేకులు. కరెంటు పోయినంతసేపూ జనరేటరు నడిచింది. కోల్డ్ స్టోరేజీ మీటరు మైనస్ 18 దగ్గర కదలకుండా ఉంది. కంపెనీకి ఏమీ కాలేదు.

శుక్రవారం, 24 అక్టోబరు, కాకినాడ

నిన్న దీపావళి. ఇవాళ మీటింగు. గదిలో ముగ్గురే. మీరు, మీ బావమరిది, లెక్కలు చూసే బాబాయ్ గారు. బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు, నాన్నగారి కాలం నుంచీ ఉన్న మనిషి. ఫైలు తెరిచి ఉంది. సంతకం చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు.

పెన్ను తీయండి. తీశారు. మూత కూడా తీశారు. కానీ మీ నోట్లోంచి వస్తున్న మాటలు వేరు: "అప్పు వద్దు. ఉన్న నాలుగు కోట్లూ బ్యాంకులో కదలకుండా ఉండాలి. రైతులకు వారంలో ఇచ్చే డబ్బు ఇరవై రోజులకు ఇద్దాం."

బావమరిది మీ వంక వింతగా చూస్తాడు. "అదేంటి బావా! మన ప్లాంటు మీద చెయ్యి కూడా వెయ్యలేదు కదా తుపాను?"

నిజమే. మరి ఈ నెల మొదట్లో లేని ప్రమాదం ఇప్పుడెక్కణ్నుంచి వచ్చింది? బంగాళాఖాతం అప్పుడూ ఇంత దూరంలోనే ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలని కాకినాడలో పిల్లలకు కూడా తెలుసు. లెక్క మారలేదు. కానీ లెక్క వేసేటప్పుడు మీ కళ్ల ముందు వేపచెట్టు ఉంది.

తేలిగ్గా గుర్తొచ్చేది తరచుగా జరిగేదిలా అనిపిస్తుంది. మనసుకున్న ఈ అలవాటును ఏమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1973లోనే రాసి చూపించారు. కోట్లతో వ్యవహరించే వాళ్లకైనా ఇది ఉండదా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటుంది. ఒలివియే దెసాన్, ఆద్రియెన్ మాత్రే అనే ఆర్థికవేత్తలు అమెరికా కంపెనీలనే పట్టుకుని చూశారు. పెద్ద హరికేన్ ఒక ప్రాంతాన్ని కొట్టినప్పుడు, దెబ్బ తగలని పక్క ప్రాంతపు కంపెనీలు ఏం చేశాయి? నగదు పోగేసుకున్నాయి. వార్షిక నివేదికల్లో తుపాను ముప్పు గురించి మునుపటి కన్నా ఎక్కువగా రాశాయి. నిజంగా వాటి ముప్పు పెరిగిందా అంటే, లేదు. ఎక్కడో పరదేశంలో పెద్ద భూకంపం వచ్చినా, అమెరికాలో భూకంపాల ప్రాంతంలో ఉన్న కంపెనీలు నగదు పెంచుకున్నాయి. వాళ్ల కాళ్ల కింద నేల కదల్లేదు. టీవీలో కదిలింది.

2017లో అచ్చయిన ఆ పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. దాని సమయం రెండేళ్లకు వస్తుంది. అప్పటిదాకా ఈ గదిలోనే ఉండండి.

బావమరిది కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి. "నా మాట విను బావా. తొమ్మిది కాదు, పదిహేను తీసుకుందాం. విశాఖలో కంపెనీలన్నీ దెబ్బతిని ఉన్నాయి. వాళ్లు లేచేలోపు సరుకంతా మనమే కొనేద్దాం. తుపాను పోయింది కదా, మళ్లీ ఇప్పట్లో రాదు."

మీరు భయపడుతున్న చోటే ఇతనికి ఉత్సాహం ఎందుకొచ్చింది? అతని వయసు ముప్ఫై. 1996 నవంబరు 6 రాత్రి పన్నెండేళ్ల కుర్రాడు, అమలాపురం పక్క ఊళ్లో. ఆ రాత్రి కోనసీమ తుపానుకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు కొట్టుకుపోయాయి. అతని ఇంట్లో మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు. బడి గదిలో అందరూ కలిసి పడుకున్నారు. పొద్దున్నే పిల్లలంతా రాలిన బొండాలు ఏరుకుని కొట్టుకు తాగారు. నెల రోజులు బడి లేదు. ఆ రాత్రి గురించి ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతూనే చెబుతాడు. తుపాను వస్తుంది, పోతుంది, మనం ఉంటాం. పన్నెండేళ్లప్పుడు అతనికి తెలిసింది అదే.

ఇప్పుడు బాబాయ్ గారి వంక చూడండి. అప్పు వద్దని మీరనగానే తల ఊపారు. ఇంకేమీ మాట్లాడలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని విషయం ఒకటి ఇవాళ మీ కంట్లో పడుతుంది. ఆయన గదిలో కింది అరలన్నీ ఖాళీ. లెడ్జర్లు, బ్యాంకు కాగితాలు, వోచర్లు అన్నీ పై అరల్లోనే. తీయాలంటే ప్రతిసారీ స్టూలెక్కుతారు. ఆయనది దివిసీమ. 1977 నవంబరు 19న తొమ్మిదేళ్ల పిల్లాడు. ఆ రోజు సముద్రం రెండు నిలువుల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. పది వేల మంది పోయారని ప్రభుత్వమే చెప్పింది. ఆయన ఇంట్లో మిగిలింది ఆయనొక్కరే. ఆ రోజు గురించి ఆయన ఎన్నడూ చెప్పలేదు. మీరూ అడగలేదు.

ఇద్దరూ చిన్నతనంలోనే తుపాను చూశారు. ఒకరు పదిహేను కోట్లంటున్నారు. ఇంకొకరికి తొమ్మిది కూడా వద్దు. ఇది కాకతాళీయమా? జెన్నారో బెర్నీలే, వినీత్ భగవత్, రాఘవేంద్ర రావ్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికా సీఈఓల పుట్టిన ఊళ్లు వెతికి, అయిదు నుంచి పదిహేనేళ్ల వయసులో వాళ్ల చుట్టుపక్కల వచ్చిన ప్రాణాంతక విపత్తులను లెక్క కట్టారు. విపత్తు తగిలీ తగలనట్టు తగిలి పోయిన ఊళ్ల పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ అప్పులు చేశారు, ఎక్కువ కంపెనీలు కొన్నారు. ఘోరంగా దెబ్బతిన్న ఊళ్ల పిల్లలు కంపెనీని ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపారు. ఆపదలోంచి క్షేమంగా బయటపడటమే ధైర్యం నేర్పుతుంది. అందులో అంతా పోగొట్టుకుంటే మిగిలేది జాగ్రత్త.

అంటే ఈ టేబుల్ చుట్టూ మూడు తుపాన్లు కూర్చుని ఉన్నాయి. 1977, 1996, 2014. కంపెనీ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

ఫోన్ మోగుతుంది. తాళ్లరేవు నుంచి రైతు. "ఆయ్, రేపు చెరువు పట్టుబడండి. నలభై కౌంటు. మీకే ఇద్దామని చూస్తున్నానండి. డబ్బులు ఎన్ని రోజులకు ఇస్తారండి? అవతలోళ్లు వారంలో ఇచ్చేస్తామంటున్నారండి మరి."

ఏం చెబుతారు? మీ నాలుగు కోట్లు బ్యాంకులో భద్రంగా ఉన్నాయి. డిపాజిట్ మీద 9 శాతం వస్తుంది. రోజువారీ సరుకు కొనడానికి మీరు వాడుతున్న అప్పు మీద 12 కడుతున్నారు. తేడా 3 శాతం. ఏడాదికి 12 లక్షలు. ఆ 12 లక్షలు పెట్టి మీరు కొంటున్నది రాత్రిపూట నిద్ర. పైగా ఇప్పుడు రైతు కూడా జారిపోతున్నాడు. ఇతను జారితే వెనకాలే ఇంకో పది చెరువులు జారతాయి.

"అయిదు నిమిషాల్లో చేస్తాను" అని ఫోన్ పెట్టేస్తారు.

అయిదు నిమిషాలు. బావమరిది చూస్తున్నాడు. పెన్ను మూత తీసే ఉంది. బావమరిదికి అవునంటే పదిహేను కోట్ల అప్పు. కాదంటే రైతు పోతాడు. చెయ్యి చెమర్చింది. గోడ గడియారం వినబడుతోంది. మూడు నిమిషాలు.

బాబాయ్ గారు గొంతు సవరించుకున్నారు.

"బాబూ, నేనొక మాట చెబుతాను. డెబ్బై ఏడులో మాకు కబురు సరిగా అందలేదు. అందినా పోవడానికి చోటు లేదు. తొంభై మేలో మళ్లీ మా తీరం మీదికే వచ్చింది, గట్టి తుపానే. అప్పుడు బందరులో గుమాస్తాగా ఉన్నాను. ముందే హెచ్చరిక వచ్చింది. లారీలు, బస్సులు వచ్చాయి. రానన్నవాళ్లను బలవంతాన ఎక్కించారు. పక్కా షెల్టర్లు కట్టి ఉన్నాయి. లక్షన్నర మందికి పైగా తీరం నుంచి లోపలికి తరలించారు. అంతకుముందు పోయింది పది వేలు. ఈసారి వెయ్యి లోపు." కాసేపు ఆగారు. "ఆ పదమూడేళ్లూ నేను భయపడుతూ కూర్చున్నాను. ఎవరో ఒకరు ఆ భయాన్ని కాగితం మీద పెట్టి షెల్టర్లు కట్టారు."

గదిలో ఎవరూ మాట్లాడరు.

అదీ సంగతి. దివిసీమ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. 1980లలో ఇన్శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరిక నేరుగా తీరానికి అందే ఏర్పాటు వచ్చింది. దుఃఖం ఎంత పెద్దదైనా మనుషుల గుండెల్లోనే ఉండిపోతే, వాళ్లతోపాటే వయసు మళ్లి పోతుంది. షెల్టరుగా మారిన దుఃఖం, కట్టినవాళ్లు రిటైరయ్యాక కూడా గేటు తీసి జనాన్ని లోపలికి పిలుస్తుంది.

తెల్ల కాగితం తీసుకోండి. నడిమికి ఒక గీత గీయండి. ఎడమ పక్క రాయండి: తుపానుకు ముందు తెలియనిది, ఇప్పుడు తెలిసినది. కుడి పక్క: అప్పుడూ తెలిసినదే.

సముద్రం ఎప్పుడైనా పైకి రావచ్చు. ఇది కుడి పక్క. తుపాను వస్తే నష్టం కోట్లలో ఉంటుంది. కుడి పక్కే. మీకు భయమేస్తోంది. దీన్ని ఏ పక్కా రాయకండి.

ఎడమ పక్కకు రండి. జనరేటరుకు ఉన్న డీజిలు పన్నెండు గంటలకే సరిపోతుందని ఇప్పుడు తెలిసింది. విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. ఒక్క పోర్టునే నమ్ముకుంటే ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది. కృష్ణపట్నంలోనూ కంటైనర్ టెర్మినల్ ఉంది, అక్కడ మీకు ఖాతా లేదు. ఫోన్లు ఒక్కసారే చచ్చిపోతే షిఫ్టులో ఉన్న ఆడవాళ్లకు ఎవరు ఏం చెప్పాలో ఎక్కడా రాసి లేదని ఇప్పుడు తెలిసింది. బీమా పాలసీ తెచ్చి చూస్తారు. కరెంటు లేక సరుకు పాడైతే అది వర్తించదు. ఏడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఇదీ ఇప్పుడే తెలిసింది.

ఎడమ పక్క ప్రతి దానికీ ఒక ఖర్చుంది, ఒక తారీఖుంది. కుడి పక్కదానికి ఒకటే కావాలి. కాసేపు ఊరుకోవడం.

మినిట్స్ పుస్తకంలో బాబాయ్ గారు రాసుకుంటున్నారు. అయిదు రోజులకు సరిపడా డీజిలు ట్యాంకు. రెండో పోర్టులో ఖాతా. బీమాలో కొత్త క్లాజు. తుపాను హెచ్చరిక వస్తే షిఫ్టు ఎప్పుడు ఆపాలి, బస్సు ఎవరు పంపాలి, జీతం కోయకూడదు. కోటి రూపాయలు మార్చి నెలాఖరు దాకా పక్కన ఉంటాయి, ఆ తర్వాత వాటంతటవే వ్యాపారంలోకి వస్తాయి. మిగతా మూడు కోట్లూ ఇవాళే వస్తాయి. కోల్డ్ స్టోరేజీ అప్పు సంగతి జనవరిలో. పెద్ద విపత్తు జరిగిన మూడు నెలల దాకా పెద్ద అప్పు చెయ్యకూడదు, మంజూరైన అప్పును రద్దూ చేసుకోకూడదు. చివర ఒక వాక్యం: వీటిలో ఏది ఆపాలన్నా, ఇవాళ తెలియనిది కొత్తగా ఏం తెలిసిందో ముందు రాసి చూపాలి.

ముగ్గురూ సంతకాలు పెడతారు. మీరు ఫోన్ అందుకుంటారు. "రేపు బండి పంపుతున్నానండి. డబ్బు వారంలోనే."

జనవరిలో కాగితం మళ్లీ చూశారు. అమెరికాలో గిరాకీ అదే, చెరువులు అవే, అంకెలు అవే. తొమ్మిది కోట్ల ఫైలు మీద సంతకం పెట్టారు.

శుక్రవారం, 9 డిసెంబరు 2016

రెండేళ్లు దాటింది. కోల్డ్ స్టోరేజీ లేచింది, నిండింది. పెద్ద నోట్ల రద్దయి నెల రోజులైంది. కూలీలకు ఇవ్వడానికి నోట్లు దొరక్క తలప్రాణం తోకకొస్తోంది. ప్రతి రూపాయి వెతుక్కుంటున్న రోజులు. మీ ముందు బీమా రెన్యువల్ నోటీసు ఉంది. ప్రీమియం 14 లక్షలు.

హుద్‌హుద్ గుర్తు చేసుకోండి. వస్తుంది, కానీ పల్చగా వస్తుంది. పరుపు తడి గుర్తులేదు. వాచ్‌మన్ ముఖం గుర్తులేదు. ఆ రోజు కథ మీరూ ఇప్పుడు కొంచెం నవ్వుతూనే చెబుతున్నారు.

దెసాన్, మాత్రేల పరిశోధనలో మిగిలిన సంగతి ఇదే. హరికేన్ తర్వాత పోగేసిన నగదు రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ పాత స్థాయికి వచ్చేసింది. భయం వచ్చినట్టే పోయింది. రెండుసార్లూ ముప్పు మాత్రం ఉన్నచోటే ఉంది.

బావమరిది లోపలికి వస్తాడు. "బావా, ఈ క్లాజు తీసేస్తే అయిదు లక్షలు మిగులుతాయి. డీజిలు ట్యాంకు రెండేళ్లుగా ఊరికే ఉంది, అద్దెకిచ్చేద్దాం." మాటల్లో తప్పేం లేదు. మీకూ అదే అనిపిస్తోంది. పెన్ను మీ చేతిలోనే ఉంది. ఒక్క గీత గీస్తే క్లాజు పోతుంది.

టీవీలో వార్దా. నెల్లూరు, కాకినాడల మధ్య తీరం దాటవచ్చని వాతావరణ శాఖ అంటోంది. చెయ్యి ఆగింది. గుండె వేగం పెరిగింది. ఇప్పుడు ఇంకో పాలసీ కూడా తీసుకుందామా అనిపిస్తుంది. చూశారా? టీవీ పెట్టకముందు క్లాజు కొట్టేద్దామనుకున్నది మీరే.

"సోమవారం చూద్దాం" అంటారు.

శని, ఆదివారాల్లో వార్దా దారి దక్షిణానికి జరిగింది. సోమవారం, డిసెంబరు 12న చెన్నై దగ్గర తీరం దాటింది. కాకినాడలో ఎండ కాస్తోంది. బావమరిది మళ్లీ వచ్చాడు. "పోయింది కదా. ఇప్పుడు తీసేద్దామా?"

శుక్రవారం మధ్యాహ్నం దాకా ధీమా, సాయంత్రం వణుకు, ఇవాళ మళ్లీ ధీమా. మూడు రోజుల్లో మీ మనసు రెండుసార్లు మారింది. దాన్ని నమ్ముకుని కంపెనీ నడపగలరా? స్టూలెక్కి పై అరలోంచి మినిట్స్ పుస్తకం దించుతారు. చివరి వాక్యం మీద వేలు పెట్టి అతని వైపు తిప్పుతారు. "కొత్తగా ఏం తెలిసింది?"

అతను చదువుతాడు. ఆలోచిస్తాడు. నిజాయితీ గల మనిషి. "రెండేళ్లుగా రాలేదు. అంతే బావా."

"అది ఏ పక్క రాస్తావు?"

కుడి పక్క చూపించి నవ్వేశాడు. "సరే, ప్రీమియం చెక్కు రాయించేస్తాను. కానీ ఇంకో సంగతి. చెన్నై దగ్గర ఒక చిన్న ప్లాంటు ఉంది. ఈ దెబ్బతో వాళ్లు అమ్మేస్తారు. చవగ్గా వస్తుంది."

మీరు తెల్ల కాగితం తీసి, నడిమికి గీత గీసి, అతని ముందుకు జరుపుతారు. "మార్చిలో మాట్లాడుకుందాం. ఈలోపు ఎడమ పక్క నింపుకుని రా."